ట్రౌట్ చేపకు మే నెల సెలవులు తెలియవు

సంపాదకులకు,

హిమాచల్ నదుల్లో గాలపు వేట గురించి మీ బెంగళూరు ఎడిషన్ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాం. పిల్లల చేతిలోంచి ఫోను తీసి గాలపు కర్ర పెట్టమన్న ఆలోచన మాకూ నచ్చింది. కానీ అందులోని రెండు మాటలు నమ్మి ఎవరైనా టికెట్లు కొంటే డబ్బూ సెలవులూ రెండూ ఏట్లో కలిసినట్టే. అక్కడ సాల్మన్ దొరుకుతుందన్నది ఒకటి. మే చివరి వారం అనువైన సమయం అన్నది రెండోది. ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే చివర్లో ఉన్న విదేశాల భాగం కత్తిరించండి. నీళ్ళ గురించి రాసింది మాత్రం ఉంచండి.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. మన దేశంలో ఏ నదిలోనూ సాల్మన్ లేదు. బెంగళూరు చేపల దుకాణాల్లో ‘ఇండియన్ సాల్మన్’ అని అమ్మేది సముద్రపు చేప. ముంబయి వాళ్ళు రావస్ అంటారు, చెన్నైలో కాలా, మన కోస్తాలో మాగ. పక్క రెక్కల కింద దారాల్లాంటి పోగులు వేలాడుతుంటాయి. అసలు సాల్మన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. సూపర్ మార్కెట్లో నారింజ రంగులో మెరిసే ముక్కలు నార్వే లాంటి చోట్ల సముద్రంలో వలల పంజరాల్లో పెంచిన చేపలవి. ఇక హిమాలయ నదుల్లో పుట్టి పెరిగిన స్నో ట్రౌట్ పేరుకే ట్రౌట్. వంశం చూస్తే అది మన బొచ్చె, శీలావతి వైపు చేప.

అసలు ట్రౌట్ మన దగ్గరికి వలస వచ్చింది. 1900 ప్రాంతంలో కశ్మీరుకు, 1909లో కులూ లోయకు, దాదాపు ఆ రోజుల్లోనే నీలగిరి కొండలకు బ్రిటిష్ వాళ్ళు తెప్పించి వదిలారు. ఇప్పుడు దొరికేవి రెండు రకాలు. ఒకటి బ్రౌన్ ట్రౌట్. ఒళ్ళు గోధుమ రంగు, ప్రక్కల మీద ఎర్ర చుక్కలు, వాటి చుట్టూ తెల్లటి వలయం. రెండోది రెయిన్‌బో ట్రౌట్. ప్రక్కన పొడుగునా గులాబీ చార, తోక నిండా నల్ల చుక్కలు. హిమాచల్ చెరువుల్లో పెంచి హోటళ్ళకు పంపేది ఎక్కువగా రెయిన్‌బోనే. నదిలో తనంతట తాను పిల్లలు పెట్టి నిలదొక్కుకున్నది బ్రౌన్.

ఇక అసలు సంగతి. ఇలాంటి ప్రయాణంలో ముందు తేల్చుకోవాల్సింది ఊరు కాదు, హోటలు కాదు, వారం. మనవాళ్ళు చేసేది సరిగ్గా తలకిందులు. ఆఫీసులో సెలవు దొరికిన వారానికి విమానం టికెట్టు, దానికి తగ్గ హోటలు, చిట్టచివర ఏరు. ఏటి లెక్క వేరు. ట్రౌట్ చల్లని, తేటనీటి చేప. నీళ్ళు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటే చురుగ్గా మేస్తుంది. 5 డిగ్రీల కంటే చల్లబడితే కదలదు. 20 దాటితే దానికి ఊపిరాడదు, ఎందుకంటే నీళ్ళు వెచ్చబడేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. అదీగాక ట్రౌట్ కంటితో చూసి మేసే చేప. నీళ్ళు చిక్కబడితే మీరు ఎంత మంచి ఎర వేసినా దానికి కనపడదు.

హిమాచల్‌లో ట్రౌట్ వేటకు మార్చి 1 నుంచి అక్టోబరు 31 వరకే అనుమతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిషేధం. చలి పడగానే బ్రౌన్ ట్రౌట్ ఏటి అడుగున గులకరాళ్ళు తోకతో తొలిచి గుంట చేసి గుడ్లు పెడుతుంది కాబట్టి ఆ నాలుగు నెలలూ ఏట్లో కాలు పెట్టినా గుడ్లు నలుగుతాయి. మిగిలిన ఎనిమిది నెలలూ వేటకు పనికొస్తాయా అంటే అదీ లేదు. మార్చి మొదట్లో నీళ్ళు మరీ చల్లన, చేప బద్ధకంగా ఉంటుంది. మార్చి ఆఖరి నుంచి, అంటే సుమారుగా ఉగాది వేళ నుంచి, మే మొదటి పది రోజుల దాకా మంచి కాలం. ఆ తర్వాత పైన కొండల మీద మంచు గట్టిగా కరగడం మొదలవుతుంది. ఏరు ఉప్పొంగి సున్నం కలిపిన నీళ్ళలా మారుతుంది. జూన్ దాకా అంతే. జూలై, ఆగస్టు నెలల్లో వానలు, బురద నీరు, విరిగిపడే కొండచరియలు. 2023 జూలైలో బియాస్ నది ఒడ్డున రోడ్లు ఎలా కొట్టుకుపోయాయో అందరూ టీవీల్లో చూశారు. సెప్టెంబరు చివర్లో వానలు వెనక్కి తగ్గాక నీళ్ళు తేరుకుంటాయి. అక్కడి నుంచి అక్టోబరు 31 దాకా ఏడాది మొత్తంలో మేలైన కాలం. చలికాలం ముందు ఒంట్లో కొవ్వు దాచుకోవడానికి చేప ఆబగా మేస్తుంది, ఏరు సన్నబడి చేప ఎక్కడుందో తెలుస్తుంది, ఆకాశం తేటగా ఉంటుంది.

బెంగళూరు కుటుంబాలకు ఇది కలిసొచ్చే లెక్కే. దసరా సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే వస్తాయి. దసరా సెప్టెంబరు ఆఖరులో పడిన ఏడు మాత్రం పండుగ ఇంట్లో చేసుకుని ఆ తర్వాత బయల్దేరండి. ఒక్క వారం ఆలస్యానికి నీళ్ళలో చాలా తేడా వస్తుంది. వేసవిలోనే వెళ్ళాలంటే ఇక్కడ చాలా బడులకు ఏప్రిల్ రెండో వారంలో సెలవులు మొదలవుతాయి కాబట్టి సెలవుల మొదటి వారంలోనే వెళ్ళిపోండి. మే చివరి వారం మామిడిపళ్ళకు మంచిది, ట్రౌట్‌కు కాదు.

ఎలాగూ మేలో ఇరుక్కున్నవాళ్ళకు ఒక ఉపాయం ఉంది. మంచు పగటి ఎండకు కరిగి, ఆ నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది కాబట్టి తెల్లవారేసరికి ఏరు కాస్త తగ్గి తేరుకుంటుంది. అందుకని మేలో పొద్దున్నే వేసి పదింటికల్లా ముగించాలి. అక్టోబరులో దీనికి పూర్తిగా తిరగేయాలి. పొద్దున్నే నీళ్ళు గడ్డలా ఉంటాయి, ఇరుకు లోయలోకి ఎండ దిగేసరికే ఆలస్యమవుతుంది. పది నుంచి నాలుగు దాకానే చేప కదులుతుంది. అక్టోబరులో అయిదింటికి అలారం పెట్టుకుని పిల్లల్ని చలిలో వణికించడం వృథా.

టికెట్టు కొనేముందు మీరు దిగబోయే ఇంటివాళ్ళకు ఫోను చేసి ‘చేపలు పడుతున్నాయా’ అని అడగకండి. పడుతున్నాయనే చెబుతారు. ‘మోకాటి లోతులో అడుగు రాళ్ళు కనిపిస్తున్నాయా, నిన్న తీసిన ఫొటో ఒకటి పంపండి’ అనండి. రాళ్ళు కనిపిస్తే బయల్దేరవచ్చు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మా ఓటు కులూ జిల్లా తీర్థన్ నదికే. ఆ ఏటి మీద జలవిద్యుత్ ప్రాజెక్టులకు అనుమతి లేదు కాబట్టి ఉన్నట్టుండి పైనుంచి నీళ్ళు వదిలే బెడద తక్కువ. పైభాగం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో ఉంది. వేట పార్కు హద్దుకు కిందే. బెంగళూరు నుంచి చండీగఢ్‌కు విమానం, అక్కడి నుంచి మండి మీదుగా ఔట్ దాకా వచ్చి మనాలి దారి వదిలి బంజార్ వైపు తిరగాలి. రోడ్డు మీద ఒక పగలు పోతుందని లెక్కేసుకోండి. రానూపోనూ రెండు రోజులు, ఏటి ఒడ్డున కనీసం నాలుగు రోజులు. మొదటి రోజు చేయి అలవాటు పడటానికే సరిపోతుంది. ఒక రోజు వానకు పోవచ్చు. రెండు రోజుల ప్యాకేజీలో చేప పడితే అది అదృష్టం తప్ప ప్రణాళిక కాదు. మండి జిల్లాలో బరోట్ దగ్గర ఊల్ నది, రోహ్రూ వైపు పబ్బర్, కిన్నౌర్‌లో సాంగ్లా దగ్గర బాస్పా కూడా పేరున్నవే. బాస్పా అందమైనదే, కానీ దారి చాలా దూరం. చిన్నపిల్లలతో మొదటిసారే వద్దు. కశ్మీరులో లిడ్డర్, బ్రింగీ నదులను బీట్లుగా, అంటే వేటకు కేటాయించిన చిన్న ముక్కలుగా, విడగొట్టి ఒక్కో బీటుకు విడిగా పర్మిట్ ఇస్తారు. ముందుగా అడిగి పెట్టుకోవాలి, ఏ బీట్లు తెరిచి ఉన్నాయో బయల్దేరే వారంలో మళ్ళీ అడగాలి.

ఇంత దూరం దేనికి, ఊటీ ఉంది కదా అని చాలామంది అడుగుతారు. నీలగిరిలో అవలాంచి దగ్గర 1907 నాటి ట్రౌట్ పిల్లల కేంద్రం ఉన్న మాట నిజమే. మున్నార్ కొండల్లోనూ ట్రౌట్ ఉంది. కానీ ఆ నీళ్ళు చాలావరకు అభయారణ్యాల లోపల, రక్షిత అడవుల్లో ఉన్నాయి. కాగితం మీద అనుమతి చేతికి రాకుండా దాన్ని నమ్ముకుని సెలవు పెట్టకండి. ఎవరో జీపు డ్రైవరు ‘నేను చూసుకుంటా సార్’ అంటే అది అనుమతి కాదు. కావేరిలో మహసీర్ అనే పెద్ద మంచినీటి చేప వేట శిబిరాల కథ బెంగళూరులో గాలం పట్టేవాళ్ళందరికీ తెలుసు. భీమేశ్వరి, గాలిబోరె దగ్గర వేట ఆగిపోయి పదేళ్ళు దాటింది. అక్కడి మూపురం మహసీర్‌ను 2018లో అంతరించిపోయే అంచున ఉన్న జాతుల్లో చేర్చారు.

లైసెన్సు మత్స్యశాఖ ఇస్తుంది. మనిషికి కాదు, ఒక రాడ్‌కు ఒక రోజుకు అన్నట్టు ఉంటుంది. కాబట్టి తండ్రి లైసెన్సు మీద ఇద్దరు పిల్లలు మరో రెండు రాడ్లు వేస్తే తప్పే. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవుకు తక్కువైతే వదిలేయాలి, ఏ ఎర నిషిద్ధం అన్నవి లైసెన్సులోనే ఉంటాయి. చదివి, జేబులో చిన్న టేపు పెట్టుకోండి. మీ అనుబంధంలో ప్రకటనలిచ్చే ట్రావెల్ ఏజెంట్లను ఒక్కమాట అడగండి. ప్యాకేజీ ధరలో లైసెన్సు ఉందా లేదా అని ప్రకటనలోనే రాయమనండి. ఫిషింగ్ అని రాసి, తీరా వెళ్ళాక సిమెంటు తొట్టిలోని చేపను గాలంతో పట్టించి ఫొటో తీసి పంపిస్తున్నారు.

సామాను దగ్గర మనవాళ్ళు రెండు రకాలుగా నష్టపోతారు. కొందరు సముద్రపు వేటకు వాడే మొద్దు రాడ్ తీసుకెళ్తారు. కొందరు ఆన్‌లైన్లో చూసినవన్నీ కొనేస్తారు. కొత్తవాళ్ళకూ పిల్లలకూ స్పిన్నింగ్ సెట్టు చాలు. 6 నుంచి 7 అడుగుల లైట్ రాడ్, 2000 లేదా 2500 సైజు రీలు, 6 పౌన్ల నైలాను దారం, 3 నుంచి 7 గ్రాముల తిరిగే రేకు స్పిన్నర్లు ఒక అరడజను. స్పిన్నర్‌కు మూడు కొక్కేల గుత్తి వస్తుంది. అది తీసేసి ఒంటి గాలం పెట్టండి. చేప నోరు చిరగదు, రాళ్ళ సందులో ఇరుక్కోవడమూ తగ్గుతుంది. స్పిన్నర్ తిరిగేకొద్దీ దారం మెలిపడుతుంది కాబట్టి స్పిన్నర్‌కు ఒక అడుగు పైన చిన్న స్వివెల్, అంటే తనలో తాను తిరిగే లోహపు కొలికి, కట్టాలి. ఇది మరిచిపోతే రెండో రోజుకల్లా రీలు మీద పిచ్చుక గూడే.

ఫ్లై వేట వేరే విద్య. మామూలు గాలంలో బరువు ఎరలో ఉంటుంది, దారం దాని వెంట పోతుంది. ఇక్కడ ఎర అంటే గాలం మీద ఈకలు, బొచ్చు చుట్టిన పురుగు బొమ్మ. దానికి బరువే లేదు. బరువంతా లావుపాటి లైనులో ఉంటుంది, విసిరేది లైనునే. తీర్థన్ లాంటి ఏటికి 9 అడుగుల 5 నంబరు రాడ్ (ఈ నంబరు లైను బరువును చెబుతుంది), అదే నంబరు తేలే లైను, 9 అడుగుల లీడర్, అంటే లైను చివర కట్టే, కొసకు పోయేకొద్దీ సన్నబడే దారం, తీసుకోండి. లీడర్ చివర 4ఎక్స్, దానికి కట్టే సన్న దారం 4ఎక్స్ లేదా 5ఎక్స్. ఈ ఎక్స్ లెక్క తిరగబడి ఉంటుంది. 11లోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేది అంగుళంలో వెయ్యో వంతుల మందం. 4ఎక్స్ అంటే ఏడు వంతులు, దాదాపు 0.18 మిల్లీమీటర్లు. 5ఎక్స్ అయితే 0.15. గాలం నంబరును (ఇది పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది) మూడుతో భాగిస్తే ఎన్ని ఎక్స్ దారం కావాలో సుమారుగా వస్తుంది. 12 నంబరుకు 4ఎక్స్, 15 ప్రాంతానికి 5ఎక్స్. సన్న గాలానికి లావు దారం కడితే పురుగు బొమ్మ నీటి మీద కర్రముక్కలా కదలకుండా పడి ఉంటుంది, పెద్ద గాలానికి మరీ సన్న దారం కడితే విసిరినప్పుడు ముందుకు సాగక కుప్పగా పడుతుంది. బొమ్మల విషయంలో డబ్బాలు నింపొద్దు. నీటిపై తేలేవాటిలో ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్, మునిగేవాటిలో ఫెజంట్ టెయిల్, హేర్స్ ఇయర్, 12 నుంచి 16 నంబర్లలో ఒక్కోటి నాలుగు. చిన్న చేపలా కనిపించే ఊలీ బగ్గర్ 8 లేదా 10 నంబరులో మూడు. చాలా రోజులు మునిగే బొమ్మకే చేప పడుతుంది, ఎందుకంటే ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం అడుగునే దొరుకుతుంది.

విసరడం మాత్రం అక్కడికెళ్ళి నేర్చుకుందామనుకోకండి. మూడు వారాల ముందు నుంచి అపార్ట్‌మెంటు ఆటస్థలంలో రోజుకు పావుగంట చాలు. గాలం తీసేసి ఎర్ర ఊలు ముక్క కట్టండి. రాడ్‌ను గడియారంలో పది, ఒంటిగంట అంకెల మధ్యే కదపాలి. అందరూ చేసే తప్పు ఒకటే. వెనక్కి ఊపినప్పుడు మణికట్టు వదిలేస్తారు, రాడ్ మూడింటి దాకా వాలిపోతుంది, లైను వెనకాల నేలకు కొడుతుంది. రెండో తప్పు తొందర. వెనక్కి పోయిన లైను పూర్తిగా విచ్చుకునేదాకా ఆగకుండా ముందుకు లాగితే కొరడాలా చప్పుడు వస్తుంది, బొమ్మ తెగి ఎగిరిపోతుంది. తల తిప్పి వెనక్కి చూసుకోవడానికి సిగ్గుపడొద్దు. 10 మీటర్ల దూరం వేయగలిగితే తీర్థన్‌కు సరిపోతుంది. అక్కడ వెనకాల చెట్లుంటాయి కాబట్టి లైనును వెనక్కి పోనివ్వకుండా నీటి మీదే దొర్లించి వేసే రోల్ కాస్ట్ కూడా నేర్చుకోండి. దానికి నీళ్ళు కావాలి, గడ్డి మీద రాదు.

ముడులు రెండు వస్తే చాలు. గాలానికి దారం కట్టడానికి క్లించ్ ముడి, అయిదు చుట్లు. దారానికి దారం కలపడానికి సర్జన్ ముడి, మూడుసార్లు దూర్చాలి. బిగించేముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాను బలం పోతుంది. చేప తెంపుకుపోయిందని వాపోయేవాళ్ళ దారం చివర ఒకసారి చూడండి. పందితోకలా మెలిక తిరిగి ఉంటే ముడి జారింది, తెగింది కాదు. విసిరేటప్పుడు లీడర్ మధ్యలో తనంతట పడే చిన్న ముడి ఇంకో శత్రువు. అది దారం బలాన్ని సగానికి తగ్గిస్తుంది. పది నిమిషాలకోసారి వేళ్ళతో తడిమి, ముడి తగిలితే విప్పకుండా కోసి కొత్తది కట్టండి.

నాలుగు ముక్కల 9 అడుగుల రాడ్ విప్పితే 70 సెంటీమీటర్లు ఉంటుంది. గొట్టంలో పెట్టి చెకిన్ సామానులో వేయండి. గాలాలు, పటకారు, కత్తెర క్యాబిన్‌లోకి తెస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పోలరాయిడ్ కళ్ళజోడు మాత్రం తప్పనిసరి. నీటి మీది మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది, దానికంటే ముఖ్యంగా ఎగిరొచ్చే గాలం నుంచి కంటిని కాపాడుతుంది. వేడర్లు, అంటే నీళ్ళలో దిగే రబ్బరు లాగులు, మొదటిసారి వద్దు. ఒడ్డున బండల మీద నుంచే సగం ఏరు అందుతుంది.

ఏటి దగ్గరికి వెళ్ళగానే నీటి మధ్యకు విసరాలనిపిస్తుంది. ఆగండి. ట్రౌట్ ఎప్పుడూ ఎదురు ప్రవాహానికి మూతి పెట్టి నిలబడుతుంది, తిండి కొట్టుకొస్తుంటే అందుకుంటుంది. వడిలో ఈదితే తిన్నది ఖర్చైపోతుంది కాబట్టి అది పూర్తి వడిలో ఉండదు, వడికి పక్కన ఉంటుంది. పెద్ద బండ వెనకాల, బండ ముందు నీళ్ళు మెత్తబడే చోట, నిదానం నీరూ వేగం నీరూ ఒరుసుకునే గీత మీద చూడండి. కింది వైపు నుంచి, అంటే దాని తోక వైపు నుంచి, వంగి వెళ్ళాలి. ముందు మీ కాళ్ళ దగ్గరి నీటిలో వేసి, తర్వాతే దూరం వేయాలి. అడుగు పక్కన చేపను బెదరగొట్టి పది మీటర్ల అవతల వెతికేవాళ్ళే ఎక్కువ. ఒక్కో గుంటలో అయిదారుసార్లు వేసి కదలిక లేకపోతే పైకి సాగిపోండి. బొమ్మ నీటి వేగంతోనే కొట్టుకుపోవాలి. లైను అడ్డంగా లాగేసి బొమ్మ వెనక గీత పడితే ట్రౌట్ దాన్ని తాకదు.

ఇప్పుడు సరదా మాటలు పక్కన పెడతాం. 2014 జూన్ 8న ఇదే దారిలో, తలౌట్ దగ్గర బియాస్ నదిలో, హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు, బండల మీద నిలబడినవాళ్ళకు ఒడ్డు చేరే వ్యవధి దొరకలేదు. తీర్థన్ వచ్చి బియాస్‌లో కలిసేది లార్జీ దగ్గరే. డ్యాములున్న బియాస్, సైంజ్ నదుల నడిమధ్యకు, పాయల మధ్య దిబ్బల మీదికి పిల్లలతో వెళ్ళవద్దు. డ్యాము లేని ఏట్లో కూడా పైన కొండల్లో వాన పడితే మీ నెత్తిన ఎండ కాస్తుండగానే నీరు వస్తుంది. ఒడ్డున నీటి అంచుకు ఆనేలా ఒక రాయి పెట్టండి. రాయి తడిసినా, నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా ఎక్కువ కొట్టుకొచ్చినా, సామాను వదిలేసి పైకి రండి. నీళ్ళలో దిగితే తొడ దాటనివ్వద్దు, చేతికర్ర ఉండాలి, భుజం సంచి నడుము పట్టీ విప్పి ఉంచాలి. ఆ చల్లదనంలో ఈతగాళ్ళకూ నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. గోదావరిలో ఈదినవాడినని ధీమా వద్దు.

చేప చిక్కాక. గాలానికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ముందే పటకారుతో నొక్కి అణిచేయండి. చేపకూ మేలు, మీ వేలికీ మేలు. చేతులు తడపకుండా పట్టుకుంటే దాని ఒంటి జిగురు ఊడి బూజు తెగులు పడుతుంది. మొప్పల్లో వేలు పెట్టొద్దు, పొట్ట నొక్కొద్దు. ఫొటో కావాలంటే ముందు కెమెరా సిద్ధం చేసుకుని, పది సెకన్లు నీటి పైకి ఎత్తి, మళ్ళీ మూతి ఎదురు ప్రవాహానికి పెట్టి, అది తానుగా తోక ఆడించేదాకా పట్టుకోండి. స్నో ట్రౌట్ పడితే తప్పకుండా వదిలేయండి. ఆ ఏరు దానిది, బ్రౌన్ ట్రౌట్ దాని పిల్లల్ని తిని బతుకుతోంది. కూరకు కావాలంటే లైసెన్సు లెక్కలో ఒకటో రెండో ఉంచుకుని అక్కడికక్కడే పేగులు తీసేయండి. బెంగళూరుకు ఐసుపెట్టెలో తేవాలన్న ఆలోచన మానుకోండి. పులుసు ప్రియులకు ముందే చెబుతున్నాం, ట్రౌట్ మాంసం సుకుమారం. చింతపండు పులుసులో వేస్తే ముక్క మిగలదు. కాస్త ఉప్పు, మిరియాలు వేసి పెనం మీద కాల్చుకోవడమే.

సాల్మనే కావాలనుకునేవాళ్ళకు పాస్‌పోర్టు తప్పదు. దాన్ని అర్థం చేసుకోవడానికి మనకు పులస ఉంది. సముద్రంలో ఇలసగా తిరిగి, కొత్తనీరు రాగానే గోదావరి ఎదురీది పులసగా మారినట్టే, సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన నది ఎక్కుతుంది. అట్లాంటిక్ సాల్మన్ నదిలోకి వచ్చాక మేయదు. ఆకలి లేని చేపను ఎరతో పట్టడమంటే దానికి చిరాకు తెప్పించడమే. అందుకే వారం రోజులు వేసినా ఒక్కటీ పడకపోవడం అక్కడ మామూలు. స్కాట్లండ్‌లో ట్వీడ్, టే, స్పే, డీ నదులు పేరున్నవి. బీటును రోజుకో వారానికో అద్దెకిస్తారు. ఆదివారం సాల్మన్ వేట నిషిద్ధం, కాబట్టి ఆదివారం చేరుకుని సోమవారం మొదలుపెట్టండి. ఏప్రిల్ 1కి ముందు పడిన ప్రతి సాల్మన్‌నూ వదిలేయాలి. నార్వేలో వేటకు ముందు సామాను క్రిమిరహితం చేయించి చీటీ చూపించాల్సిన నదులున్నాయి. 2024 జూన్‌లో చేపలు తక్కువ వచ్చాయని ఆ దేశం 33 నదుల్లో సీజను మధ్యలో వేట ఆపేసింది. డబ్బు వెనక్కి ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోకుండా అక్కడ అడ్వాన్సు కట్టవద్దు. అలాస్కాలో అయిదు రకాల సాల్మన్ ఉన్నాయి, చేప పడే అవకాశం అక్కడే ఎక్కువ. కింగ్ సాల్మన్‌కు మామూలు లైసెన్సు మీద అదనపు స్టాంపు కొనాలి. ట్రౌట్ కోసమే విదేశం వెళ్ళాలంటే న్యూజిలాండ్. అక్కడ అడుగున ఫెల్టు ఉన్న బూట్లు ట్రౌట్ వేటకు నిషిద్ధం, ఒక ఏటి నాచు ఇంకో ఏటికి అంటుకుంటుందని. బూట్లు, వల, రాడ్ శుభ్రంగా కడిగి ఆరబెట్టి, విమానాశ్రయంలో అడగకముందే చెప్పాలి. అక్కడ ట్రౌట్ కొనడం, అమ్మడం చట్టవిరుద్ధం. హోటల్లో అడిగితే దొరకదు. తినాలంటే పట్టుకోవాల్సిందే.

ఇంకొక్క సవరణ. మీ వ్యాసం మధ్యలో ‘కులూలో పట్టిన సాల్మన్’ అని వేసిన ఫొటో మరోసారి చూడండి. ప్రక్కన గులాబీ చార ఉంది, తోక నిండా నల్ల చుక్కలున్నాయి, వెనకాల సిమెంటు తొట్టి అంచు కూడా కనిపిస్తోంది.

ఇట్లు,
గాలం పట్టే కొందరు తెలుగు పాఠకులు,
బెంగళూరు